ఒకే జ్వరానికి రెండు కృతజ్ఞత కూడికలు

ప్రభువు సేవలో ఉన్న సోదరులకు, అందులోనూ నాలాగా తొందర స్వభావం ఉన్నవాళ్ళకు, వాళ్ళను భరిస్తున్న ఇంటివాళ్ళకు ఈ మాటలు రాస్తున్నాను. నేను ఇప్పుడు బాగానే ఉన్నాను. రెండు పూటలా అన్నం తింటున్నాను. ఊడిపోయిన జుట్టులో ముప్పాతిక వంతు తిరిగి వచ్చింది. మిగతా పావు వంతు కోసం తొందరపడడం లేదు. అది నేను నేర్చుకున్న పాఠానికి రుజువు అనుకోండి.

బర్మాలో ఇరావతి ఏటి పాయ ఒడ్డున వడ్ల మిల్లులున్న ఒక ఊళ్ళో అప్పటికి నాలుగేళ్ళుగా సువార్త పని చేస్తున్నాను. మన గోదావరి వైపు నుంచి, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కూలీలు అక్కడ బస్తాలు మోస్తారు. వాళ్ళ బస పక్కన ఆకులు కప్పిన ఒక పాకలో మా ఆరాధన. ఆ నాలుగేళ్ళలో ఓర్పు మీద నేను చేసినన్ని ప్రసంగాలు ఇంక దేనిమీదా చేయలేదు. ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చుని కూడా దేవుణ్ణి నిందించని ఆ భక్తుడి సంగతి చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. గంట కొట్టాక అయిదు నిమిషాలకు కూడా జనం రాకపోతే మాత్రం నాకు ఒళ్ళు మండేది.

ఆ సంఘంలో అప్పలస్వామి అని ఒక పెద్దాయన ఉన్నాడు. గణపవరం దగ్గర పల్లెవాడు. మూడేళ్ళుగా బాప్తిస్మం పాఠాలకు వస్తున్నాడు. పాఠాలన్నీ వచ్చాయి, పాటలన్నీ వచ్చాయి. చుట్ట ఒక్కటే పోలేదు. చుట్ట మానినవాళ్ళకే బాప్తిస్మమని మా సంఘంలో కట్టుబాటు.

"ఇంకా ఎన్నాళ్ళు అప్పలస్వామీ?" అని అడిగేవాణ్ణి.

"మానేత్తానండి అయ్యగారూ. నిదానంగా."

"నిదానంగా అంటే?"

"అంటే నిదానంగానేనండి."

చివరికి నెల రోజులు గడువు పెట్టాను. నెల నిండిన రోజు మిల్లు వెనక్కి వెళ్ళి చూశాను. ఆయన నన్ను చూసి చుట్టను గుప్పిట్లో దాచి నమస్కారం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి పొగ వస్తోంది. ఆ ఆదివారం అందరి ముందు బాప్తిస్మం జాబితా తెరిచి, ఎర్ర సిరాతో ఆయన పేరు కొట్టేశాను. ఆయన లేచి వెళ్ళి పాక బయట కూర్చున్నాడు. తర్వాతి వారమే నేను, మా ఆవిడ కరుణమ్మ సెలవు మీద ఓడెక్కాం. ఓడ మీద ఎన్నిసార్లు ఆ గీత గుర్తుకొచ్చినా, ఎంత తిన్నగా వచ్చిందో అన్న సంతోషమే గాని ఇంకో ఆలోచన రాలేదు.

సెలవు మే నుంచి సెప్టెంబరు దాకా. అక్టోబరు మొదట్లో కాకినాడలో ఓడెక్కాలి. ఎక్కకపోతే ఆ ఊరికి ఇంకొకరిని పంపుతామని మిషను వాళ్ళు ముందే చెప్పారు. ఆ పాకకు నేను తప్ప దిక్కు లేదని నా నమ్మకం. అందుకని ఎట్టి పరిస్థితిలోనూ ఆ ఓడ ఎక్కాలని మనసులో ముద్ర వేసుకున్నాను.

జూలైలో కొల్లేటి లంకలకు బయలుదేరాను. మా సొంత ఊరు మండవల్లి అవతల ఒక లంక. అక్కడ మా బాబాయి చేపలు పడుతూ ఉంటాడు. పన్నెండు రోజుల్లో పద్దెనిమిది ఊళ్ళలో ప్రసంగించాలని నా ఏర్పాటు. బాబాయి దోనె నడిపేవాడు. నేను ముందు కూర్చుని త్వరగా, త్వరగా అంటూ ఉండేవాణ్ణి.

"ఒరే అబ్బాయ్, దోనె గడతో నడుస్తుందిరా, కేకలతో కాదు," అన్నాడు ఆయన మూడో రోజున.

బయలుదేరేటప్పుడు కరుణ కాచి చల్లార్చిన నీళ్ళు ఒక సీసాలో పోసి ఇచ్చింది. మూత బిగుసుకుపోయింది. రెండుసార్లు తిప్పి చూశాను, రాలేదు. మూడోసారి తిప్పే ఓపిక లేక, దోనెలోంచి వంగి దోసిలితో కొల్లేటి నీళ్ళు తాగాను. ఆ తర్వాత జరిగినదంతటికీ మూలం ఆ మూత.

పదకొండో ఊళ్ళో తలనొప్పి, పన్నెండో ఊళ్ళో చలి. పదమూడో ఊళ్ళో ఓర్పు గురించి ప్రసంగిస్తూ, మాట మధ్యలో ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ ఒళ్ళో పడ్డాను. ఆవిడ ఏమాత్రం కంగారు పడకుండా కొంగుతో విసరడం మొదలుపెట్టిందట. అక్కణ్ణించి నులక మంచం మీద, దోనె మీద, బండి మీద నన్ను ఏలూరు చేర్చారు.

ఏలూరులో మేము దిగిన ఇల్లు కాలవ గట్టున ఉంది. ఆసుపత్రి అక్కడికి దగ్గరే. నన్ను ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, డాక్టరుగారు వస్తారని చెప్పి వెళ్ళారు. ఎంతకీ రాలేదు. ఒళ్ళు కాలిపోతోంది, నాలుక అట్ట కట్టింది, అయినా నాలుగుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళి తొంగి చూశాను. కాలికి కట్టుతో పక్కన కూర్చున్న ఒక సాయిబుగారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. పేరు ఖాదర్ సాహెబు. తివాచీలు నేసేవారు. కాలి మీద పుండు మానక నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంటున్నారు.

"వస్తారు లెండి. రాకుండా ఎక్కడికి పోతారు?" అన్నారు.

ఏదో ఒకటి మాట్లాడకపోతే ఉండలేక, తివాచీ రోజుకు ఎంత నేస్తారని అడిగాను.

"బెత్తెడు నేస్తే ఆ రోజు బాగా నేసినట్టేనండి."

"మరి మొత్తం ఎప్పటికి అవుతుంది?"

"అయినప్పుడు అవుతుందండి," అని, సంచిలోంచి ఒక బత్తాయి తీసి నా చేతిలో పెట్టారు. ఆయనకు ఎవరో తెచ్చి ఇచ్చిన పండు అది. ఆ జవాబు నాకు నచ్చలేదు గాని పండు చల్లగా ఉంది. డాక్టరుగారు వచ్చేదాకా దాన్ని నుదుటికి ఆనించుకుని కూర్చున్నాను.

టైఫాయిడ్ అన్నారు డాక్టరుగారు. మన వాళ్ళు మూడు వారాల జ్వరం అంటారు. పేరులోనే గడువు ఉంది గనక, మూడు వారాలకు ఒక్క రోజు కూడా ఎక్కువ ఇవ్వకూడదని నేను నిశ్చయించుకున్నాను. జ్వరాన్ని ఎవరూ అడగలేదు.

ఆ మూడు వారాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గోడలు దగ్గరికి వచ్చేవి, వెళ్ళేవి. ఏలూరు సంఘంవాళ్ళు వచ్చి ప్రార్థన చేసేవారు. సంఘపెద్ద దానియేలుగారు చాలా భక్తిపరులు. ఆయన ప్రార్థన సృష్టి మొదలుకొని ఆరంభమయ్యేది. నా మంచం దాకా వచ్చేసరికి నేను ఒక కునుకు తీసి లేచేవాణ్ణి. కరుణ మాత్రం ఏ ప్రార్థన ఎంత సాగినా నా అరికాళ్ళు రాస్తూనే ఉండేది.

ఆగస్టులో జ్వరం తగ్గుముఖం పట్టింది. ఇంటికి పంపిస్తూ డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు. ఒళ్ళు ఉదయం సాయంత్రం పూర్తిగా చల్లబడాలి. చల్లబడ్డాక పది రోజులు చూడాలి. అప్పటిదాకా గట్టి పదార్థం ఒక్క మెతుకు కూడా లోపలికి పోకూడదు. పేగులు తడి కాగితంలా ఉంటాయి, చిరిగితే తన చేతిలో ఏమీ ఉండదని అన్నారు.

ఆ మాట నేను విన్నాను. మా అత్తగారు రాహేలమ్మగారు కూడా విన్నారు. తేడా ఏమిటంటే ఆవిడ నమ్మారు.

ఆవిడ నా కోసం తాడేపల్లిగూడెం నుంచి వచ్చి వంటిల్లు తన చేతిలోకి తీసుకున్నారు. బార్లీ నీళ్ళు, పల్చటి మజ్జిగ తేట, దానిమ్మ రసం. మళ్ళీ బార్లీ నీళ్ళు. టైఫాయిడ్ తగ్గేటప్పుడు వేసే ఆకలి ఎలాంటిదో అనుభవించినవాళ్ళకే తెలుసు. పక్కింట్లో ఏ పోపు పడిందో, అందులో ఇంగువ ఉందో లేదో పడుకున్న చోటినుంచే చెప్పేవాణ్ణి. వాక్యం చదువుదామని గ్రంథం తెరిస్తే, నా వేళ్ళు వాటంతటవే విందులు జరిగిన అధ్యాయాల దగ్గరికే వెళ్ళేవి.

"అత్తయ్యగారూ, ఒక్క ముద్ద," అన్నాను ఒక మధ్యాహ్నం.

"ఒక్క ముద్ద అంటే ఎంతండి?"

"ఉసిరికాయంత."

"డాక్టరుగారు ఉసిరికాయంత అని చెప్పలేదండి అల్లుడుగారూ. అసలేం వద్దన్నారు."

"నేను సేవకుణ్ణండి. నన్ను ఇలా మాడ్చడం మీకు న్యాయంగా ఉందా?"

"సేవకులు గనకే మెల్లగా చెబుతున్నానండి. మావారైతే ఈపాటికి గరిటె తీసేదాన్ని."

ఇక్కడ మా సంఘంలోని ఒక ఆచారం చెప్పాలి. ఎవరైనా పెద్ద జబ్బు నుంచి లేస్తే ఆ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. జబ్బు పడ్డ మనిషి ఆ రోజు లేచి నిలబడి సాక్ష్యం చెబుతాడు. తర్వాత అందరితో కలిసి ప్రేమవిందులో భోంచేస్తాడు. ఆ విందు దాకా అతను రోగి. విస్తరి ఎత్తేసినప్పటినుంచి ఆరోగ్యవంతుడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ పథ్యం అడగరు.

పడుకుని పడుకుని ఈ ఆచారం గురించి ఆలోచిస్తుంటే నాకొక ఉపాయం తోచింది. లేచాక కూడిక పెట్టడం అందరూ చేసేదే. విశ్వాసం ఉన్నవాడు కూడిక పెట్టి లేవచ్చు కదా అనిపించింది. తీసుకోబోయేదానికి ముందే స్తోత్రం చెప్పడం విశ్వాసంలో పై మెట్టు అని కూడా నాకు నేనే ప్రసంగం చేసుకున్నాను. ఆ ప్రసంగం వెనక ఓడ ఉంది. ఓడ వెనక, నిజం చెప్పాలంటే, పులుసు ఉంది.

అడ్డం ఒక్కటే, థర్మామీటరు. పొద్దున ఒళ్ళు చల్లగానే ఉండేది. సాయంత్రం మాత్రం కొద్దిగా వెచ్చబడేది. కరుణ థర్మామీటరు తెచ్చేలోపు కూజాలోని చల్లటి నీళ్ళు నోట్లో పోసుకుని కాసేపు ఉంచుకునేవాణ్ణి. గాజుగొట్టం చూసి ఆవిడ ముఖం వెలిగిపోయేది. సేవకుణ్ణి, ఇది రాయడానికి సిగ్గుపడుతున్నాను. కాని నా తర్వాత ఎవరో ఒకరు అదే కూజా వైపు చెయ్యి చాపుతారని తెలిసి రాస్తున్నాను. వద్దు సోదరా. ఆ కూజా అక్కడే ఉండనివ్వు.

అలా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజున తాడేపల్లిగూడెం నుంచి కబురు వచ్చింది, అత్తగారి గేదె ఈనిందని. ఆవిడ కూతురికి వెయ్యి జాగ్రత్తలు చెప్పి మూడు రోజుల్లో వస్తానని రైలెక్కారు. ఆ రైలు కూత వినిపించగానే నేను దానియేలుగారికి కబురు పంపాను.

"డాక్టరుగారు సరేనన్నారాండీ?" అని కరుణ అడిగింది.

"పెద్ద వైద్యుడు సరేనన్నాడు."

"నేను అడిగింది చిన్న వైద్యుడి సంగతండి."

నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు నటించాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఓడ ప్రయాణానికి ఇనప్పెట్టె సర్దమని కూడా ఆ రోజే చెప్పాను. సర్దింది. మూత వేసిన చప్పుడు కాస్త గట్టిగా వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం కూడిక. వాకిలి నిండా జనం. బాబాయి లంక నుంచి నీళ్ళ కుండలో కొర్రమీనులు ప్రాణాలతో పట్టుకొచ్చాడు. "ముళ్ళు తక్కువరా, రోగికి మంచిది," అన్నాడు పాపం, నాకు అనుమతి దొరికిందనుకుని. నేను గోడ పట్టుకుని నిలబడి ఎడతెగకుండా సాక్ష్యం చెప్పాను. నా ఓర్పును గురించి కూడా అందులో కొంత చెప్పాను. దానియేలుగారు సృష్టి మొదలుకొని స్తోత్రం చెల్లించారు. తర్వాత విస్తరి వేశారు. కొర్రమీను పులుసు, వేడన్నం. మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆ పులుసు రుచి గురించి ఇక్కడ రాయడం సేవకుడికి తగదు గనక రాయడం లేదు.

లేఖనాల్లో ఒక ప్రవక్తను చేప మింగింది. నా విషయంలో నేనే చేపను మింగాను. ఇద్దరి ఫలితమూ ఒక్కటే అయింది. తెల్లవారేసరికి ఒళ్ళు పొయ్యిలా ఉంది, కడుపులో కత్తులు తిరుగుతున్నాయి. ఈసారి చలి వేరు, భయం వేరు. మొదటిసారి జ్వరం నా మీదికి వచ్చింది. ఈసారి నేనే పిలిచి తెచ్చుకున్నాను.

కరుణ కూజా దగ్గరికి వెళ్ళి నీళ్ళు పారబోసింది. ఎప్పుడు గ్రహించిందో నాకు తెలియదు. బండి వచ్చేలోపు ఇనప్పెట్టె తెరిచి బట్టలన్నీ ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది. నా తెల్ల కోటు కూడా. ఆవిడ తిట్టి ఉంటే ధైర్యంగా ఉండేది. ఆ కోటు దండెం మీద వేలాడడం చూసి, ఓడ సంగతి అటుంచి, నేనసలు బతుకుతానా అని మొదటిసారి అనుకున్నాను.

ఆసుపత్రిలో ఖాదర్ సాహెబు పక్క మంచమే ఖాళీగా ఉంది. డాక్టరుగారు నా పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "ఏం తిన్నారు?" అని అడిగారు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తుడవడం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

సాయంత్రం సంఘంవాళ్ళు వచ్చారు. లోపలికి రాకుండా కిటికీ కింద నిలబడి తర్జనభర్జన పడుతున్నారు. ప్రతి మాటా నాకు వినిపిస్తోంది.

"నిన్ననే గదండీ స్వస్థత ఇచ్చావని స్తోత్రం చెల్లించాం," అంటున్నారు దానియేలుగారు. "ఇవ్వాళ మళ్ళీ స్వస్థపరచమని ఎలా అడుగుతాం?"

"అడిగితే ఆయన అడగడా? నిన్న చెప్పింది అబద్ధమా అని?" అని ఒక పెద్దావిడ.

"అంటే ఇప్పుడు ఏమని ప్రార్థన చెయ్యాలండి?"

"పోనీ వేరే జ్వరమని అడుగుదామాండి? కొత్తదని?"

"కొత్తదెలా అవుతుందండీ, అదే జ్వరమైతే?"

నవ్వొచ్చే సంగతే. కాని నా కోసం ఒక్క ప్రార్థన కూడా లేకుండా పొద్దు గూకుతోంది. దానికి కారణం నా సాక్ష్యమే. ఆ మంచం మీద పడి ఉన్నప్పుడు అంతకన్నా ఒంటరితనం నాకు ఎన్నడూ తెలియదు. ఖాదర్ సాహెబు అంతా విన్నారు. మెల్లగా లేచి కూర్చుని నెత్తిన టోపీ సర్దుకున్నారు.

"మీ వాళ్ళకి మొహమాటంగా ఉన్నట్టుందండి. ఫర్వాలేదు, నేను అడుగుతాను లెండి. నేను నిన్న థాంక్స్ చెప్పలేదు గదా, నాకేం మొహమాటం?"

ఆయన రెండు చేతులూ చాపి పెదవులు కదుపుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. నా ప్రభువు మీద నా విశ్వాసం ఎలాంటిదో ఆయనకే తెలుసు. ఆ సాయంత్రం నా కోసం చాచిన చేతులు ఆ రెండే అని కూడా ఆ ప్రభువుకు తెలుసు.

కాసేపటికి వరండాలో గొంతు వినిపించింది. అత్తగారు. ఎవరో రైలు గార్డుతో కబురు అందించారట, ఈనిన గేదెను పొరుగువాళ్ళకు అప్పజెప్పి వచ్చేశారు. సంగతి విని నిలబడ్డ చోటే తీర్పు చెప్పేశారు.

"మీరు అబద్ధం చెప్పలేదండి దానియేలుగారూ. చెప్పింది మా అల్లుడుగారు. ఆయన తరఫున ముందు క్షమాపణ అడగండి. ఆ తర్వాత బాగు చెయ్యమని అడగండి. వరస అది."

కిటికీ కింద అందరూ మోకాళ్ళూనారు. దానియేలుగారు మొదటిసారిగా సృష్టిని వదిలేసి తిన్నగా నా దగ్గరికి వచ్చారు. "ప్రభువా, మా అయ్యగారు తొందరపడ్డారు," అన్నారు. అంతే. ఆ తర్వాత వెక్కిళ్ళు వినిపించాయి. ఆయన చేసిన ప్రార్థనలన్నిటిలో నాకు గుర్తున్నది అదొక్కటే.

సెప్టెంబరు మొదటి సగం నాకు తెలియదు. కరుణ తర్వాత చెప్పింది. మాటలు తడబడుతూ పలవరించేవాణ్ణట. వాక్యం కాదు, పాట కాదు. "అప్పలస్వామీ, నెల అయిపోయింది. అప్పలస్వామీ, గడువు అయిపోయింది," అని. ఒకరోజు డాక్టరుగారు నా నాడి పట్టుకుని చాలాసేపు కూర్చుని, అప్పలస్వామి అంటే మా తమ్ముడా అని కరుణను అడిగారట. కాదండి, చుట్ట మానలేకపోయిన మనిషి అని ఆవిడ చెప్పింది.

"మరి ఈయన పులుసు మానలేకపోయిన మనిషి," అన్నారట ఆయన.

తెలివి వచ్చాక కరుణ ఈ మాట చెబితే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. మూడేళ్ళు పాఠాలు నేర్చుకున్న ముసలాయనకు, జీవితమంతా కాల్చిన చుట్ట మానడానికి నేనిచ్చింది ఒక నెల. నాకు డాక్టరుగారు పెట్టింది పది రోజులు. నేను ఉన్నది అయిదు. ఆ అయిదులో నాలుగు దొంగవి.

అక్టోబరులో ఓడ నేను లేకుండా వెళ్ళింది. ఆ రోజు మధ్యాహ్నం మంచం మీద లేచి కూర్చుని, చెంచాతో బార్లీ నీళ్ళు తాగాను. తాగేశాక ఇంకా ఉందా అని అడగలేదు. అత్తగారు నా ముఖం వంక అనుమానంగా చూసి నుదురు తాకి చూశారు. మిషను వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. జనవరి దాకా ఎవరినీ పంపకుండా ఆగుతామని, డాక్టరుగారు రాసిస్తేనే బయలుదేరమని. దాన్ని తలగడ కింద పెట్టి, ఎప్పుడు రాసిస్తారని డాక్టరుగారిని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలనిపించలేదని చెబితే కూజాకూ సాక్ష్యానికీ తోడు అది మూడో అబద్ధమవుతుంది. నోటిదాకా వచ్చినప్పుడల్లా ఖాదర్ సాహెబు వంక చూసేవాణ్ణి. ఆయన తన మంచం మీద కూర్చుని గాలిలోనే వేళ్ళతో తివాచీ ముడులు వేసుకుంటూ ఉండేవారు, చెయ్యి అలవాటు తప్పకుండా.

అత్తగారు నాకు పథ్యం పెట్టింది నవంబరులో. పాత బియ్యం మెత్తగా వండి, పిసికి, బీరకాయ కూరతో కలిపి, నిజంగానే ఉసిరికాయంత ముద్ద నా చేతిలో పెట్టారు. నోట్లో పెట్టుకుని ఎంతసేపు నమిలానో నాకు తెలియదు. తలెత్తి చూసేసరికి ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటున్నారు.

"ఇంకోటి పెట్టనాండి?" అన్నారు.

"మీ ఇష్టమండి అత్తయ్యగారూ."

"ఇదిగో కరుణా, మీ ఆయనకి నిజంగా జబ్బు చేసిందే," అన్నారు ఆవిడ.

డిసెంబరులో రెండో కృతజ్ఞత కూడిక. నేను అడగలేదు, వాళ్ళే పెట్టారు. దానియేలుగారు లేచి, వాక్యం చదివాక, "డాక్టరుగారి చీటీ తెచ్చారాండి?" అని అడిగారు. కరుణ ఇచ్చింది. ఆయన దాన్ని కూడా లేఖనం చదివినంత భక్తిగా అందరికీ చదివి వినిపించి, ఆ తర్వాతే స్తోత్రం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ సంఘంలో ఎవరు కూడిక పెట్టినా చీటీ అడుగుతున్నారని విన్నాను. నా సేవాజీవితంలో ఏలూరు సంఘానికి నేను చేసిన ఉపకారం అదే కాబోలు. ఖాదర్ సాహెబు కర్ర ఊతంతో వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. కూజా సంగతి చెప్పి కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లోకి వెళ్ళేసరికి దండెం ఖాళీగా ఉంది. నేను చెప్పకుండానే ఇనప్పెట్టె సర్ది ఉంది.

జనవరిలో బర్మా చేరాం. నేను లేకపోతే దిక్కులేదనుకున్న పాకకు కొత్తగా ఆకు కప్పి ఉంది. పాటలు వాళ్ళే పాడుకుంటున్నారు, ప్రార్థనలు వాళ్ళే చేసుకుంటున్నారు. అప్పలస్వామి పాక బయట, నేను పంపిన చోటే కూర్చుని ఉన్నాడు. ఇన్ని నెలలూ ప్రతి ఆదివారం అక్కడే కూర్చుని, బయటినుంచే అందరితో పాటు పాడుతున్నాడట. నన్ను చూసి చెయ్యి వెనక్కి పెట్టుకుని లేచాడు.

"బాగా చిక్కిపోయారండి అయ్యగారూ."

వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. మూత నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. 

"ఎన్నాళ్ళు ఆగమన్నారండి?" అన్నాడు చివరికి.

"పది రోజులు."

"ఆగలేకపోయారండి?"

"ఆగలేకపోయాను."

ఆయన వెనక దాచిన చెయ్యి ముందుకు తెచ్చి, అందులోని చుట్ట వంక చూశాడు. "పులుసు ఎలాగుందండి?" అన్నాడు.

"చాలా బాగుంది అప్పలస్వామీ."

"చుట్ట కూడా అంతేనండి," అన్నాడు.

లోపలినుంచి జాబితా తెప్పించి, ఎర్ర గీత కింద ఆయన పేరు మళ్ళీ రాశాను. ఈసారి ఎంత గడువండి అని అడిగాడు. నిదానంగా, అన్నాను.

రెండు వానాకాలాలు గడిచాయి. రోజుకు ఏడు కాల్చేవాడు, ఇప్పుడు ఒకటికి దిగాడు. ఆ ఒక్క దాని దగ్గర ఆగిపోయాం. ఆదివారం పాకలోకి వచ్చేముందు ఆ చుట్ట తీసి నా చేతికి ఇస్తాడు. ఆరాధన ముగిసేదాకా అది నా కోటు జేబులోనే ఉంటుంది. ప్రసంగం చేస్తున్నంతసేపూ ముందు వరసలో కూర్చుని నా జేబు వంక ఎంతో ఓర్పుగా చూస్తూ ఉంటాడు. ఈమధ్య నా ప్రసంగాలు బాగా పొట్టివయ్యాయని సంఘమంతా సంతోషంగా ఉంది.